గోడ తాగిన నీళ్ళు

ఊయల మూడోసారి మార్చాను.

మొదట కిటికీ దగ్గర ఉండేది. అక్కడ చుక్క పడింది. గది మధ్యకి తెచ్చాను. అక్కడా పడింది. ఇప్పుడు వాకిలి మీది కొక్కేనికి చీర కట్టి కణ్మణిని అందులో వేశాను. పది నెలల పిల్ల. అది ఊగుతుంటే లోపలికి వచ్చేవాళ్ళు వంగి రావాలి.

మా ఆయన కుమారేశన్ అట్లాగే వంగి వచ్చాడు. సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల దగ్గర రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చాడు. కనుబొమ్మల మీద దూది నూగు ఇంకా ఉంది. చెప్పులు విప్పకుండానే పైకప్పు చూశాడు. నిన్న పళ్ళెమంత ఉన్న మరక ఇవాళ చాపంత అయింది. అది గోడ దిగి స్విచ్చుబోర్డు దాకా వచ్చింది. నేను అంటించిన టేపు ఊడి వేలాడుతోంది.

"మెయిన్ ఆపినావా?"

"నిన్న నువ్వు పోగానే ఆపినా. ఫ్యాన్ లేక పిల్ల నిద్రే పోలేదు."

"మీ నాయన ఎప్పుడు వస్తాడంట?"

"తొమ్మిదికి. ఓనరు అయ్య ఫోన్ చేసి రమ్మన్నాడు. పైన టబ్బు కింద పగలగొట్టి చూస్తారంట."

కుమారేశన్ గడప మీద కూర్చున్నాడు. ఊయల చీర అతని భుజానికి తగులుతోంది.

"పగలగొడితే అది బయటపడ్తాది," అన్నాడు మెల్లగా.

"పడనీ బావా. మనమే ముందు చెప్పేద్దాం. నాయన వచ్చేలోపల."

"చెప్పి? సామాన్లు ఎక్కడికి ఎత్తేది?"

ఎనిమిది రోజులుగా మేము దాన్ని 'అది' అనే అంటున్నాం. పేరు పెట్టి పిలిస్తే గోడకు వినిపిస్తుందేమో అన్నట్టు.

పైన ఉండేది ఇంటి ఓనరు పద్మనాభ అయ్య, వాళ్ళమ్మ. రోజూ పొద్దున పెద్దమ్మగారికి స్నానం చేయించేది నేనే. ఆమె మోకాళ్ళు వంగవు. వేడి నీళ్ళలో అరగంట కూర్చుంటే మెత్తబడతాయి. అందుకే మూడు నెలల కిందట టబ్బు పెట్టించుకున్నారు. దాన్ని కూర్చోబెట్టింది మా నాన్న, అయ్యాసామి మేస్త్రి. ఎనిమిది రోజుల కిందట ఆ టబ్బు కింద నాకు తడి కనిపించింది. పెద్దమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "మా వానికి చెప్పొద్దు. తెలిస్తే తీసి పారేస్తాడు. చిన్న చుక్కే గదా, మీ ఆయన్ని చూడమను," అన్నారు.

నేను కుమారేశన్‌కి చెప్పాను. అయ్య మిల్లుకు పోయిన మధ్యాహ్నం చూసి కుమారేశన్ పైకెక్కాడు. టబ్బు పక్కన చెయ్యి పట్టేంత సందుకు మూసిన పలక తీసి, కారే పైపు చుట్టూ బ్యాండేజీ గుడ్డ చుట్టి, పలకని మళ్ళీ సిమెంటుతో అతికేశాడు.

సత్రపట్టి వాళ్ళకు ఆ గుడ్డ ఉంటే చాలు. రసం వడగట్టేది దానితోనే. పిల్ల మూతి తుడిచేది దానితోనే. గార్డెను పైపు చీలినా, సైకిలు హ్యాండిలు జారినా అదే చుట్టేది. పైపు కారిందంటే కుమారేశన్‌కి ఇంకేం తోస్తుంది?

"వైట్ సిమెంటులో ముంచి నాలుగు మడతలు చుట్టినా," అన్నాడిప్పుడు. "ఆస్పత్రికి పోయే గుడ్డ అది. చుక్క బయటికి రాకూడదు. ఎట్లా వచ్చిందో నాకు అర్థమే కాలేదు."

"మిగిలిన కొస ఏం చేసినావు?"

"పైపు దిగే బొక్క ఉంటాది గదా, దాన్లోకి తోసేస్తి. కనపడకుండా."

నేను వంటింట్లోకి పోయి నీళ్ళ కుండ మూత తీశాను. కుండ మీద కప్పిన గుడ్డ ఒక కొస నీళ్ళలో మునిగి, ఇంకో కొస పక్కకి వేలాడుతోంది. దాని కింద నేల మీద చిన్న మడుగు.

"ఇట్లా రా. చూడు. కుండకు బొక్క లేదు. కింద నీళ్ళు ఎట్లా వచ్చినాయి?"

అతను వంగి చూశాడు. గుడ్డ కొసన ఒక చుక్క ఊరింది, పడింది. ఇంకొకటి ఊరింది.

"గాయాలు కట్టే గుడ్డ బావా. తాగేదానికే గదా మీరు నేసేది. పైన కారేదంతా తాగింది. కొస దారిన గోడలోకి దింపింది. అక్కడే కరెంట్ వైరు కూడా పోతాది."

కుమారేశన్ తన రెండు చేతులూ చూసుకున్నాడు. బయట మా నాన్న మోపెడ్ ఆగిన శబ్దం వినిపించింది.

* * *

పైన స్నానాల గదిలో పద్మనాభ అయ్య అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ముప్పై ఏండ్లు మా ఇండ్లల్లో పని చేసినావు మేస్త్రీ. మా నాయన నీ చేత కట్టించిన గోడలు ఇంకా గీత పడకుండా నిలిచి ఉండాయి. ఇదేంది?"

"తెరిచి చూస్తా అయ్యా. చూసినాక మాట్లాడదాం."

"కింద పసిబిడ్డ ఉండాది. నిన్న గోడ ముట్టి చూస్తే నాకే కరెంటు జివ్వుమనింది. ఆ బిడ్డ పాకుతా పోయి చెయ్యి పెట్టుంటే?"

నా చంకలో కణ్మణి ఉంది. నేను దాన్ని ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాను. నిన్న పొద్దున అది ఆ గోడ దాకా పాకిన మాట నేను ఎవరికీ చెప్పలేదు. కాలు పట్టి వెనక్కి లాగాను. అంతే.

"నీ పని తప్ప ఇంకేం ఉంటాది దీన్ల?" అన్నాడాయన. "వేరే ఎవురన్నా చెయ్యి పెట్టినారా?"

తలుపు అవతల మంచం మీద పెద్దమ్మగారు కొంగు సర్దుకున్నారు. నేను పిల్ల జుట్టు సర్దాను.

"మంసాపురంల కట్టే గోదాము పని నీకే అనుకొనింటిని మేస్త్రీ. ఇది చూసినాక ఎట్లా ఇచ్చేది, నువ్వే చెప్పు."

మా నాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఏడాదిగా ఆయనకు పెద్ద పని లేదు. కొత్త ఇళ్ళన్నీ ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు ఎత్తుకుపోతున్నారు. గోదాము మాట వచ్చినప్పటినుంచి ఆయన గడ్డం రోజూ గీసుకుంటున్నాడు. మట్టం చూసే కొత్త పలక కొన్నాడు. నలుగురిని పనికి వస్తారా అని అడిగి పెట్టుకున్నాడు.

అంతలో అయ్యకు మిల్లునుంచి ఫోను వచ్చింది. మాట్లాడుతూ వరండాలోకి పోయాడు.

నాన్న మోకాళ్ళ మీద కూర్చుని ఉలి పెట్టాడు. నాలుగు దెబ్బలకు పలక విరిగింది. లోపలికి చెయ్యి పెట్టి తడిమాడు. ఆయన ముఖం మారింది. పట్టుకుని లాగాడు.

గుడ్డ వచ్చింది. ఒక మూర, రెండు మూరలు. సిమెంటు పెళ్ళలు రాలుతున్నాయి. కొస గోడ లోపలెక్కడో ఇరుక్కున్నట్టుంది. ఇంకొంచెం గట్టిగా లాగితే అదీ వచ్చింది. బరువుగా, బూడిద రంగులో, నీళ్ళు కారుతూ ఉంది. నాన్న దాన్ని పిండాడు. బకెట్లో ధార పడింది.

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. నన్ను కాదు, పిల్లని. దాని మెడకు చొంగ పడకుండా నేను కట్టిన గుడ్డని. అదే నేత. అదే అంచు.

నేను ఏదో అనబోయాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. గుడ్డని ఉండ చుట్టి, తెచ్చుకున్న గోతాం అడుగున పెట్టాడు. దాని మీద పలక ముక్కలు వేశాడు. మంచం మీదినుంచి పెద్దమ్మగారు అంతా చూశారు.

"ఏం మేస్త్రీ?" అయ్య ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు.

"నా తప్పే అయ్యా."

"ఏం తప్పు?"

"టబ్బు కింద ఇసుక పోసి కూర్చోబెట్టినా. అది కుంగింది. పైపు జాయింటు విడిచింది."

బకెట్లో మా నాన్న పిండిన నీళ్ళు తెల్లగా తేరుకుంటున్నాయి.

"సరి," అన్నాడు అయ్య. కోపం కూడా పోయింది గొంతులో. "పైపు మూసి పో మేస్త్రీ. టబ్బు రేపు తీయిస్తా. గోదాముకు వేరేవాళ్ళని చూసుకొంటా."

"తీసేస్తావా?" అని పెద్దమ్మగారు అడిగారు.

"తీసేస్తానమ్మా. ఇంక చాలు."

తరువాత ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు భయపడొద్దు అముదా. గోడ ఆరేదాకా కింద ముందు గది తెరిచిస్తా, పిల్లని అక్కడ పడుకోబెట్టుకో. వైరింగు మొత్తం మార్పిస్తా."

ఆ మంచి మాటకు తల ఎత్తకుండానే మెట్లు దిగాను.

* * *

కింద కొళాయి దగ్గర నాన్న ఉలి కడుగుతున్నాడు. కుమారేశన్ గోడకానుకుని నిలబడ్డాడు. మామగారి ముఖం చూడలేక పొన్నగంటి పాదు చూస్తున్నాడు.

"ఎందుకు నాయనా అట్లా చెప్పినావు?"

"ఏం చెప్పినా?"

"నీ తప్పని."

"నా తప్పే గదమ్మా. అబద్ధం చెప్పలే నేను." నాన్న ఉలిని తుండుతో తుడిచాడు. "పెద్దమ్మగారు శుక్రవారం లోపల కావాలన్నారు. సిమెంటు పోస్తే మూడు దినాలు ఆరాల. ఇసుక పోసి పెట్టేస్తి. దిగదులే అనుకొంటి. బొటనవేలంత దిగింది. మొదటి చుక్క నాదే. నాకు ఆ దినమే ఒక ఫోన్ కొట్టుంటే అరగంట పని."

ఈ ఎనిమిది రోజులూ నేను మా నాన్నకు తెలియకూడదనీ, అయ్యకు తెలియకూడదనీ భయపడ్డాను. తెలిసి ఉంటే అరగంట.

"మామా," అన్నాడు కుమారేశన్. "గుడ్డ చుట్టింది నేను."

"తెలిసింది అల్లుడా. ఇంకెవురు చుడతారు అంత నీట్‌గా?" నాన్న నవ్వాడు. "మంచి గుడ్డే. మనిషికి చుట్టుంటే మానుండును."

కుమారేశన్ నవ్వలేదు.

"చుక్క నీదే అనుకో నాయనా," అన్నాను. "గోడ మాది. అయ్య గోదాము లేదనింది చుక్క చూసి కాదు, గోడ చూసి. మా పని నీ నెత్తిన పడింది."

"పడనీ."

"ఎందుకు పడనీ?"

"ఇల్లు వదలమంటే పిల్లనెత్తుకొని ఎక్కడికి పోతావు? నాకు పోయింది ఒక గోదాము. నాకు ఇంకెన్ని కట్టాల? నువ్వు కమ్మునుండు. నేను చూసుకొంటా."

ఆ మాట నాకు పాతదే. అమ్మ మంచం పట్టిన ఏడాది, తొమ్మిదో తరగతి మధ్యలో, ఇంట్లో పని చూసుకోవాలి ఇంక బడికి వద్దన్నప్పుడు కూడా నాన్న ఇట్లాగే అన్నాడు. కమ్మునుండు, వచ్చే ఏడాది పంపిస్తా, నేను చూసుకొంటా. నేను నోరెత్తకుండా కమ్మునున్నాను. వచ్చే ఏడాది రాలేదు. నాన్న మీద నాకు కోపం లేదు. ఒక్క మాట కూడా అనని నా మీదే ఉంది. బడిలో మా టీచరు రెండుసార్లు మనిషిని పంపింది. నేను పొయ్యి దగ్గరనుంచి లేవను కూడా లేదు.

నాన్న గోతాం మోపెడ్ ముందు పెట్టుకున్నాడు. పిల్ల బుగ్గ గిల్లాడు. "తాత వస్తాడే, చెప్పు," అన్నాడు. బండి రెండు తొక్కులకు స్టార్టవలేదు. మూడోదానికి అయింది.

"ఇప్పుడేం చేస్తావు?" అని కుమారేశన్ అడిగాడు.

"పైకి పోతా."

"ఆలోచించు అముదా."

"నువ్వు వద్దంటే చెప్పను బావా. వద్దని అను."

అతను చేతులు చాపాడు. పిల్లని నా చంకలోంచి తీసుకున్నాడు. వద్దనలేదు.

* * *

నేను పైకి వెళ్ళేసరికి పెద్దమ్మగారు మంచం అంచున కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నారు. మామూలుగా అది నేను చేసే పని. కింద కూర్చుని గిన్నె తీసుకున్నాను.

"మీ నాయన మంచివాడు," అన్నారు ఆమె. "తానే ఒప్పుకొన్నాడు. సరి, అట్లే పోనీ."

"అయ్యకు చెప్పేస్తానమ్మా."

ఆమె కాలు నా చేతిలో బిగిసింది. "ఏమని?"

"గుడ్డ మేమే చుట్టినామని. గోడ మా వల్లే చెడిందని."

"ఎందుకు చుట్టినారని అడుగుతాడే."

నేను నూనె రాస్తూనే ఉన్నాను.

"నీకు తెలియదు అముదా. బీరువా తాళాలు వాని దగ్గర. మాత్రలు వాడు ఎంచి ఇస్తే మింగాల. గుడికి పోవాలంటే కారు ఉంటేనే పోవాల. కొడుకు బాగా చూసుకొంటాడు, నేను లేదనను. కానీ ఆ టబ్బు ఒకటే నేను నోరు తెరిచి అడిగింది. నీళ్ళలో కూర్చుంటే నా కాళ్ళు నా కాళ్ళ మాదిరి ఉంటాయి." ఆమె ఆగారు. "అడిగి పెట్టించుకొన్నది కారితే దొంగతనంగా కప్పిపెట్టిస్తి. అది వాడు వింటే ఇంక నేను అడిగేదానికి ఏముంటాది?"

"మీ పేరు చెప్పనమ్మా."

"చెప్పకుండా ఎట్లా చెప్తావు?"

గిన్నె కింద పెట్టాను. కొంగుకు చేతులు తుడుచుకున్నాను. నూనె పోలేదు.

వరండాలో పద్మనాభ అయ్య ఫోనులో ఏదో నంబరు వెతుకుతున్నాడు. "శివకాశి కాంట్రాక్టరు," అన్నాడు నన్ను చూసి, నేను అడిగినట్టు. "గోదాముకు."

"ఆ ఫోన్ ఇప్పుడు చెయ్యొద్దయ్యా."

ఆయన తల ఎత్తాడు. నేను ఆయన్ని ఎప్పుడూ వద్దనలేదు.

"మా నాయన చెప్పింది సగమే. ఇసుక కుంగింది నిజమే. ఒక చుక్క వచ్చింది. ఎనిమిది దినాల ముందే నాకు తెలుసు. నేను మా ఆయనకు చెప్పి, మగ్గం గుడ్డ తెప్పించి పైపుకు చుట్టించినా. దాని కొస గోడలోకి పోయింది. ఆ గుడ్డే నీళ్ళని లాగింది. గోడ చెడింది మా వల్ల. మా నాయన చూసి కూడా మాకోసం దాచినాడు. గోతాంలో వేసి ఎత్తుకొని పోయినాడు."

ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆగితే మళ్ళీ చెప్పలేనని భయం.

ఆయన ఫోను బల్ల మీద పెట్టాడు.

"బిడ్డ పండుకొనే చోటి గోడ అముదా."

"తెలుసయ్యా. నిన్న అది గోడ దగ్గరికి పాకింది కూడా. నేను చూడకుంటే..."

"తెలిసీ?"

"ఇల్లు పోతాదని భయం."

ఆయన తల దించి తన చెప్పులు చూసుకున్నాడు. ఆయనకు కోపం వచ్చిందో, బాధ కలిగిందో నాకు తెలియలేదు. మళ్ళీ నన్ను చూసినప్పుడు ఆయన ముఖంలో ఇంకేదో ఉంది. లెక్క తేలనప్పుడు పిల్లలు చూసే చూపు.

"ఒకటి అర్థం కాలే," అన్నాడు. "కారింది నా ఇంట్ల. నా టబ్బు. చుక్క చూసిన దినమే వచ్చి, అయ్యా కారతా ఉందని ఒక మాట అని ఉంటే నీకేం పోయేది? నిన్ను నేనేమన్నా అని ఉంటానా?"

"లేదయ్యా."

"అప్పుడు ఎందుకు చెప్పలే? చెప్పొద్దని నీకు ఎవురన్నా చెప్పినారా?"

నా వెనక గోడ పట్టుకుని నడిచే అడుగుల శబ్దం. ఒకటి, ఆగి ఇంకొకటి. నేను తిరిగి చూడలేదు. అయ్య నా భుజం మీదుగా చూస్తున్నాడు. ఆయన చూపు అక్కడే నిలిచిపోయింది.

"చెప్పు అముదా. ఎవురు వద్దన్నారు?"

నేను నోరు తెరిచేలోపలే, పెద్దమ్మగారు గోడ వదిలేసి, చేతికర్ర లేకుండానే, గడప ఇవతలికి ఒక అడుగు వేశారు.